కంటెయినర్ నంబరు పెట్టె ఒకటే, ప్రాజెక్టులు మూడు: సొంత సర్వర్ కంట్రోలు రాయడం గురించి

ప్రశ్న: నేను విశాఖపట్నంలో, ఋషికొండ దగ్గర ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేస్తున్నాను. ఓడరేవులో క్లియరింగ్ ఏజెంట్ల కోసం చాలా ఏళ్ళ కిందట ఏఎస్‌పీ డాట్ నెట్ వెబ్ ఫారమ్స్‌లో (మైక్రోసాఫ్ట్ వారి పాత వెబ్ పేజీల పద్ధతిలో) తయారైన మూడు అప్లికేషన్లను మేము ముగ్గురం చూసుకుంటున్నాము. కంటెయినర్ నంబరు కొట్టే పెట్టె, దాని తనిఖీ, తప్పయితే ఎర్ర అక్షరాల సందేశం దాదాపు నలభై పేజీల్లో పొల్లుపోకుండా కాపీ అయి ఉన్నాయి. ఒక మార్పు వస్తే నలభై చోట్ల మార్చాలి, రెండు మూడు చోట్ల తప్పకుండా మరిచిపోతాము. మొదట యూజర్ కంట్రోల్ (పేజీ ముక్కను విడి మార్కప్ ఫైలుగా రాసే పద్ధతి) చేశాము, కాని మూడు ప్రాజెక్టులకూ పంచడం కుదరలేదు. తర్వాత వెబ్‌కంట్రోల్ క్లాసు ఆధారంగా సొంత కంట్రోలు రాశాను. పేజీ మొదటిసారి చక్కగా వస్తుంది, సేవ్ నొక్కగానే కొట్టిన నంబరు మాయమవుతుంది. ఒకే పేజీలో రెండు పెడితే ఒకే ఐడీతో రెండు కంట్రోళ్ళు ఉన్నాయంటూ పేజీయే ఆగిపోతుంది. మా మేనేజరు గారేమో, ఎలాగూ మైక్రోసాఫ్ట్ వారి కొత్త పద్ధతి అయిన బ్లేజర్‌కు మారతాము కదా, పాత ఇంటికి కొత్త గుమ్మం ఎందుకంటున్నారు. ఈ కష్టం దండగేనా? కోడు జతపరిచాను.
(గాజువాక నుంచి ఒక పాఠకుడు)

సమాధానం: మీరు పంపిన కోడును రెండుసార్లు చదివాను. మీరు వేర్వేరుగా రాసిన రెండు ఫిర్యాదులు, అంటే సేవ్ నొక్కగానే నంబరు మాయమవడమూ, రెండు పెట్టెలు ఒకే పేజీలో ఇమడకపోవడమూ, ఒకే తప్పు నుంచి పుట్టాయి. ఆ తప్పు మీరు రోజుల తరబడి వెతికిన రెండరింగ్ (హెచ్‌టీఎంఎల్ తయారీ) భాగంలో లేదు, క్లాసు పేరు రాసిన మొదటి వరుసలోనే ఉంది. ముందు ఆ వరుస సంగతి చెప్పి, తర్వాత మేనేజరు గారి మాటకు వస్తాను.

వెబ్ ఫారమ్స్‌లో కంట్రోలు రాసేవారు మొదట ఒంటబట్టించుకోవలసినది తాము రాసే వస్తువుకు ఆయుష్షు ఎంత తక్కువో. బ్రౌజర్ నుంచి అభ్యర్థన వచ్చిన ప్రతిసారీ పేజీ, దాని మీది కంట్రోళ్ళు సర్వర్‌లో కొత్తగా పుడతాయి. హెచ్‌టీఎంఎల్ తయారుచేసి పంపగానే వాటి జన్మ ముగుస్తుంది. గుమాస్తా రెండు నిమిషాల తర్వాత సేవ్ నొక్కినప్పుడు జవాబు చెప్పేది ఆ పాత వస్తువు కాదు, అదే పోలికతో మళ్ళీ పుట్టిన మరొకటి. పూర్వజన్మ నుంచి దానికి దక్కేవి రెండే: వ్యూస్టేట్ అనే మూట (పేజీలో దాచి పంపితే సేవ్‌తో పాటు తిరిగి వచ్చే విలువలు), బ్రౌజర్ పోస్ట్ చేసిన విలువలు. ఇవి ఒక నియమిత క్రమంలో అందుతాయి. ఇనిట్ ఘట్టం తర్వాత వ్యూస్టేట్, ఆపైన పోస్ట్ అయిన విలువల పంపకం, తర్వాత లోడ్, ఆ వెంటనే మొదటి విడతలో సొంతదారు దొరకని విలువల కోసం రెండో విడత పంపకం, అటుపైన విలువ మారిందని చెప్పే ఈవెంట్లు, బటన్ క్లిక్, ప్రీరెండర్, వ్యూస్టేట్‌ను మళ్ళీ మూట కట్టడం, చివరికి రెండర్.

మీ కోడులో టెక్స్ట్‌బాక్స్ పుట్టేది క్రియేట్‌చైల్డ్‌కంట్రోల్స్ మెథడ్‌లో. అది సరైన చోటే. అయితే ఆ మెథడ్‌ను ఎవరు, ఎప్పుడు పిలుస్తున్నారన్నది మీరు చూసుకోలేదు. మధ్యలో ఎవరూ అడగకపోతే ఫ్రేమ్‌వర్కు దానిని ప్రీరెండర్‌లో పిలుస్తుంది. అప్పటికి పంపకం రెండు విడతలూ ముగిసిపోయి ఉంటాయి. విస్తళ్ళు ఎత్తేశాక వచ్చిన చుట్టంలా మీ టెక్స్ట్‌బాక్స్ ఖాళీ చేతులతో నిలబడుతుంది. ప్రాపర్టీ లోపల ఎన్‌ష్యూర్‌చైల్డ్‌కంట్రోల్స్ పిలిచారు, మంచి అలవాటే, కాని పేజీ ఆ ప్రాపర్టీని అడుగుతున్నది బటన్ క్లిక్‌లో. అప్పుడైనా ఆలస్యమే.

ఇప్పుడు ఐనేమింగ్‌కంటెయినర్ అనే ఇంటర్‌ఫేస్ (క్లాసు పేరు రాసిన వరుసలో చేర్చే పేరు) సంగతి. మీ ఓడరేవు కంటెయినర్లకూ దీనికీ ఏ సంబంధమూ లేదు, ఈ జవాబులో ఆ మాట రెండు అర్థాల్లో వస్తున్నందుకు క్షమించండి. ఈ ఇంటర్‌ఫేస్‌లో ఒక్క మెథడ్ కూడా లేదు, అది కేవలం ఒక గుర్తు. ఆ గుర్తు ఉన్న కంట్రోలు తన పిల్లలకు ఇంటిపేరు ఇస్తుంది. ఒక వీధిలో ఇద్దరు అప్పలరాజులుంటే ఇంటిపేరుతో పిలిచినట్టు, పేజీలో రెండు నంబరు పెట్టెలున్నా ఒక్కొక్క పెట్టెలోని టెక్స్ట్‌బాక్సుకు తల్లి ఐడీ, మధ్యలో డాలర్ గుర్తు, ఆపైన సొంత ఐడీ కలిసి వేరువేరు పేర్లు ఏర్పడతాయి. బ్రౌజర్ వైపు ఐడీలో ఆ డాలర్ స్థానంలో అండర్‌స్కోర్ వస్తుంది. ఐడీల ఘర్షణ ఇంతటితో తీరుతుంది.

అంతకంటె విలువైన రెండో ఫలం చాలామందికి తెలియదు. పోస్ట్ అయిన విలువను పంచేటప్పుడు పేజీ ఆ పొడుగు పేరును చూసి, ముందు ఇంటిపేరుగల తల్లిని పట్టుకుని, నీ దగ్గర ఈ పేరుగల బిడ్డ ఉందా అని ఫైండ్‌కంట్రోల్ ద్వారా అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే ముందు తల్లి తన పిల్లలను పుట్టించుకుంటుంది, ఎందుకంటే ఫైండ్‌కంట్రోల్ మొదటి పనిగా ఎన్‌ష్యూర్‌చైల్డ్‌కంట్రోల్స్‌ను పిలుస్తుంది. ఆ విధంగా టెక్స్ట్‌బాక్స్ సరిగ్గా పంపకం వేళకు సిద్ధమై తన విలువను తాను అందుకుంటుంది. ఇంటిపేరు లేని కంట్రోలును ఈ ప్రశ్న ఎవరూ అడగరు. మీ రెండు ఫిర్యాదులకూ మూలం ఒకటే అన్నది ఇందుకే.

ఆ ఇంటర్‌ఫేస్ పేరును మీరే జోడించవచ్చును గాని, అంతకన్నా మంచిది వెబ్‌కంట్రోల్‌ను విడిచి కాంపొజిట్‌కంట్రోల్ నుంచి మొదలుపెట్టడం. ఇది 2005లో ఏఎస్‌పీ డాట్ నెట్ 2.0తో వచ్చింది. ఇంటిపేరు గుర్తు దానికి పుట్టుకతోనే ఉంది, దాని కంట్రోల్స్ సముదాయాన్ని ఎవరు ముట్టినా పిల్లలను ముందుగా సృష్టించే ఏర్పాటూ ఉంది. మొదటి వరుసలో ఒక్క మాట మార్చి, మిగిలినదేదీ ముట్టకుండా ఒకసారి నడిపి చూడండి. ఆ తర్వాతే ఈ జవాబులో మిగిలినది చదవమని నా సలహా.

యూజర్ కంట్రోల్‌ను మీరు విడిచిపెట్టడం సమంజసమే, అయినా దానిని చిన్నచూపు చూడనక్కరలేదు. ఒకే ప్రాజెక్టులో వాడే మెనూకో, చిరునామా భాగానికో అదే తగినది. హెచ్‌టీఎంఎల్ కళ్ళెదుట కనిపిస్తుంది, డిజైనరు కూడా చేయి పెట్టగలరు. మార్కప్ ఫైలు ప్రాజెక్టుతో కట్టుబడి ఉండడమే దాని ఇబ్బంది. మూడు ప్రాజెక్టులు ఒకే డీఎల్ఎల్‌ను, అంటే కంపైల్ అయిన కోడు ఫైలును, పట్టుకుని వాడుకోవాలంటే మార్కప్ ఫైలు లేని, పూర్తిగా కోడులో రాసిన కంట్రోలే దారి.

ఆయుష్షు గురించి నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. వెబ్ ఫారమ్స్ రోజుల్లో ద్వారకానగర్‌లో ఒక చిన్న సంస్థకు ఇలాంటి కంట్రోలే రాశాను. పోస్ట్‌బ్యాక్ (సేవ్ వంటి బటన్ నొక్కి పేజీని సర్వర్‌కు తిరిగి పంపడం) తర్వాత విలువ నిలవడం లేదని విసిగిపోయి, దానిని ఒక స్టాటిక్ వేరియబుల్‌లో పెట్టాను. నా కంప్యూటర్లో అద్భుతంగా పనిచేసింది, ఎందుకంటే పరీక్షించినది నేనొక్కడినే. వాడకంలోకి వచ్చిన రోజు మధ్యాహ్నం ఒక గుమాస్తా ఎంచుకున్న పార్టీ పేరు పక్క టేబులు గుమాస్తా తెర మీద ప్రత్యక్షమైంది. స్టాటిక్ అంటే ఆ అప్లికేషన్ వాడుతున్న అందరికీ కలిపి ఒకే గిన్నె అన్న సంగతి పుస్తకంలో చదివే ఉన్నాను, అయినా ఆ రోజుకు గాని అర్థం కాలేదు. మీ కోడు చివర, గత విలువ అనే పేరుతో, ఒక స్టాటిక్ వరుస కనిపించింది. దానిని ఈ రోజే తీసివేయండి.

ప్రాపర్టీల విలువలు ఎక్కడ నిలవాలన్నదానికి నేను పాటించే పద్ధతి ఇది. ఆ విలువ ఇప్పటికే ఒక బిడ్డ దగ్గర ఉంటే, ఉదాహరణకు నంబరు టెక్స్ట్‌బాక్స్‌లోనే ఉంది కనుక, ప్రాపర్టీ దానినే చదవాలి, దానిలోనే రాయాలి. రెండో ప్రతి వ్యూస్టేట్‌లో దాచకూడదు, దాచితే రెండు ప్రతులు ఏదో ఒక రోజు విభేదిస్తాయి. కంట్రోలుకు మాత్రమే చెందిన అమరికలు, అంటే నంబరు తప్పనిసరా కాదా, ఏ సందేశం చూపాలి వంటివి, వ్యూస్టేట్‌లో ఉండాలి. అక్కడ ఇంకా ఏమీ లేకపోతే ఏ విలువ ఇవ్వాలో ప్రాపర్టీ చదివే భాగంలోనే రాసుకోవాలి. పిల్లలకు ప్రారంభ విలువలు ఇచ్చేటప్పుడు, ముందు విలువలు పెట్టి ఆ తర్వాత కంట్రోల్స్ సముదాయంలో చేర్చండి. చేర్చాక పెట్టిన ప్రతి విలువనూ వ్యూస్టేట్ మార్పుగా లెక్కగట్టి మోసుకుపోతుంది, నలభై వరుసల గ్రిడ్‌లో ఆ బరువు బయటపడుతుంది. పేజీ రాసేవారు వ్యూస్టేట్‌ను ఆపివేసినా నిలవక తప్పని విలువలకు కంట్రోల్‌స్టేట్ అని వేరే ఏర్పాటుంది. దానిని పేజీవారు ఆపలేరు కనుక పొదుపుగా వాడాలి. మీ పెట్టెకు దాని అవసరం నాకు కనబడలేదు.

ఇక మీరు ఉత్తరంలో అడగని సంగతి ఒకటి, నా దృష్టిలో మిగిలిన అన్నింటికంటె ముఖ్యమైనది. మీ తనిఖీ కోడు అంతా కంట్రోలు లోపలే ఉంది. అదీగాక అది చూస్తున్నది మొత్తం పదకొండు అక్షరాలున్నాయా లేదా అన్నంతవరకే. కంటెయినర్ నంబరుకు అంతకంటె గట్టి నియమం ఉంది. ఐఎస్ఓ 6346 ప్రమాణం ప్రకారం మొదటి మూడు అక్షరాలు యజమాని గుర్తు, నాలుగోది రకం, సరుకు కంటెయినర్లకు అది యూ. ఆపైన ఆరు అంకెల వరుస సంఖ్య, చివర ఒక తనిఖీ అంకె. ఆ చివరి అంకె ముందున్న పదింటి నుంచి లెక్కగట్టి వచ్చినదే గనుక, చేతి పొరపాటు చాలావరకు అక్కడే పట్టుబడుతుంది.

లెక్క కాగితం మీద కూడా చేయవచ్చు. ఇంగ్లీషు ‘ఏ’కు 10, బీకి 12, సీకి 13, ఇలా వరుసగా విలువలు ఇస్తూ 11, 22, 33 సంఖ్యలను దాటేస్తారు, ఆ లెక్కన జెడ్ 38 అవుతుంది. అంకెలకు వాటి విలువే. మొదటి స్థానంలోని విలువను 1తో, తర్వాతి వాటిని 2, 4, 8 అంటూ రెట్టింపవుతూ పోయే సంఖ్యలతో గుణిస్తారు, పదో స్థానానికి గుణకం 512. మొత్తాన్ని 11తో భాగిస్తే మిగిలే శేషమే తనిఖీ అంకె, శేషం 10 వస్తే 0గా తీసుకుంటారు. సీఎస్‌క్యూయూ 305438 అనే నంబరు చూడండి. సీ 13, ఎస్ 30, క్యూ 28, యూ 32. గుణిస్తే 13, 60, 112, 256, అంకెల వంతు 48, 0, 320, 512, 768, 4096. మొత్తం 6185. పదకొండుతో భాగిస్తే శేషం 3, కనుక పూర్తి నంబరు సీఎస్‌క్యూయూ 305438-3. గేటు దగ్గర రాత్రి షిఫ్టులో డ్రైవరు ఇచ్చిన చీటీ చూసి గుమాస్తా 4, 3 అంకెలను తారుమారు చేసి 305348-3 అని కొట్టాడనుకోండి. మొత్తం 6313 అవుతుంది, శేషం 10, అంటే చివర 0 ఉండాలి. అక్కడ 3 ఉంది. మీ ప్రస్తుత తనిఖీ ఈ నంబరును సంతోషంగా లోపలికి పంపుతుంది, అక్షరాలు పదకొండూ ఉన్నాయి కదా.

ఈ లెక్కకు పేజీతో గాని, బ్రౌజర్‌తో గాని సంబంధం లేదు. అందుచేత దానిని కంట్రోలులో రాయకండి. వెబ్ అన్న మాటే లేని ఒక ప్రత్యేక లైబ్రరీలో, ఒక మామూలు క్లాసుగా రాయండి. అది స్ట్రింగ్‌ను తీసుకుని, మధ్యలోని ఖాళీలు, అడ్డగీతలు తీసివేసి, పెద్ద అక్షరాలకు మార్చి, నంబరు సరైనదా కాదా, కాకపోతే ఎందుకు కాదో చెప్పాలి. ఆ లైబ్రరీని డాట్ నెట్ స్టాండర్డ్ 2.0కు తయారుచేస్తే, డాట్ నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.7.2 నుంచి పై వెర్షన్ల మీద నడిచే మీ పాత అప్లికేషన్లూ, రేపు బ్లేజర్‌లో రాసే కొత్తదీ దానినే వాడుకోగలవు. కంట్రోలు చేతిలో మిగిలేది చూపించడం, అందుకోవడం, చెప్పడం మాత్రమే. కంట్రోలు సన్నబడినకొద్దీ దానిలో తప్పులు వెతకడం సులువవుతుంది. లైబ్రరీకి పరీక్షలు రాయడానికి బ్రౌజర్ తెరవనక్కరలేదు కూడా.

తనిఖీని పేజీకి కలిపే విధానంలో ఒక మెలిక ఉంది. కంట్రోలు లోపలే కస్టమ్‌వాలిడేటర్ అనే తనిఖీ కంట్రోలును పుట్టించి, దానిని లోపలి టెక్స్ట్‌బాక్సుకు ముడిపెట్టండి. ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళు కనుక చిన్న ఐడీతోనే పని జరుగుతుంది. అయితే ఈ వాలిడేటర్ సహజంగా ఖాళీ పెట్టెను పట్టించుకోదు. నంబరు తప్పనిసరి అయిన పేజీల కోసం వాలిడేట్‌ఎంప్టీటెక్స్ట్ అనే ప్రాపర్టీని మీ అమరికను బట్టి పెట్టాలి. వాలిడేషన్ గ్రూపును కూడా మీ కంట్రోలు ప్రాపర్టీగా బయటికి ఇవ్వండి, లేకపోతే వెతుకు బటన్ నొక్కినా సేవ్ భాగంలోని పెట్టె అడ్డుపడుతుంది. సేవ్ మెథడ్ మొదట్లో పేజీ సరైనదేనా అని ఈజ్‌వాలిడ్‌ను అడగడం మీ నలభై పేజీల్లో ఎన్నింటిలో ఉందో ఒకసారి వెతకండి. అది లేనిచోట సర్వర్ తనిఖీ జరిగినా ఎవరూ దాని మాట వినరు.

పేజీ రాసేవారు తమ సొంత వాలిడేటర్‌ను బయటి నుంచి మీ కంట్రోలుకు తగిలించాలనుకుంటే, క్లాసు మీద వాలిడేషన్‌ప్రాపర్టీ అనే అట్రిబ్యూట్ ఉండాలి. మీ పెట్టెలో ఒక్క టెక్స్ట్‌బాక్సే ఉంది కనుక అది నిశ్చింతగా పనిచేస్తుంది. కాని ఉత్తరం చివర, తేదీకి రోజు, నెల, సంవత్సరం అని మూడు డ్రాప్‌డౌన్ల కంట్రోలు కూడా చేస్తామన్నారు. అక్కడ బ్రౌజర్ వైపు స్క్రిప్టు మీ కంట్రోలు లోపలి భాగాలను ఒక్కొక్కటిగా చూస్తూ, ఖాళీ కాని మొదటి విలువ దొరకగానే ఆగిపోతుంది. రోజు మాత్రం ఎంచుకుని మిగిలిన రెండూ వదిలేసినా బ్రౌజర్ వైపు తనిఖీ దాటుతుంది. సర్వర్ వైపు మాత్రం మీ ప్రాపర్టీ విలువను చదువుతుంది గనుక, ఆ ప్రాపర్టీ మూడూ నిండితే తప్ప ఖాళీ స్ట్రింగ్ ఇచ్చేటట్టు రాయండి. తేదీని స్ట్రింగ్‌గా మార్చి మళ్ళీ చదివించే పని అసలే పెట్టుకోకండి. సర్వర్ అమెరికా అమరికలో ఉంటే మీ 05-08 అనేది ఆగస్టు ఐదు కాక మే ఎనిమిది అవుతుంది, పదమూడో తేదీ వచ్చేవరకు ఎవరికీ అనుమానం రాదు.

రెండరింగ్ గురించి మీరు పడిన శ్రమలో చాలా భాగం అనవసరం. ఏమీ చెప్పకపోతే మీ కంట్రోలు చుట్టూ స్పాన్ ట్యాగు వస్తుంది, డివ్ కావాలంటే ట్యాగ్‌కీ ప్రాపర్టీని ఓవర్‌రైడ్ చేస్తే చాలు. అట్రిబ్యూట్లు జోడించే మెథడ్‌ను ఓవర్‌రైడ్ చేసినప్పుడు మూల క్లాసు మెథడ్‌ను కూడా పిలవాలి. మీరు పిలవలేదు, అందుకే పేజీలో ఇచ్చిన సీఎస్ఎస్ క్లాసు తెర మీదికి రావడం లేదు. మరొకటి, తప్పు సందేశంలో గుమాస్తా కొట్టిన నంబరును అలాగే లేబుల్‌లో చూపిస్తున్నారు. లేబుల్ తన టెక్స్ట్‌ను దానంతట అది ఎన్‌కోడ్ చేయదు, అంటే ట్యాగు గుర్తులను మామూలు అక్షరాలుగా మార్చదు. కొట్టినది నంబరు కాక స్క్రిప్టు అయితే, అది ఆ పేజీలో భాగమైపోయే ప్రమాదం ఉంది. ముందు హెచ్‌టీఎంఎల్ ఎన్‌కోడ్ చేసి ఇవ్వండి. సందేశాన్ని కంట్రోలులో ఇంగ్లీషులో పాతిపెట్టకుండా ప్రాపర్టీగా ఉంచితే, గేటు దగ్గరి తెరకు తెలుగులోనే ఇవ్వవచ్చు, కాన్వెంట్ జంక్షన్ వైపు ఆఫీసుల్లో ఎలా కావాలంటే అలా ఇవ్వవచ్చు.

జావాస్క్రిప్ట్ ఫైలును మూడు ప్రాజెక్టుల్లోకీ కాపీ చేయకండి, మళ్ళీ మొదటికే వస్తుంది. దానిని డీఎల్ఎల్‌లో ఎంబెడెడ్ రిసోర్స్‌గా పొదిగి, వెబ్‌రిసోర్స్ అట్రిబ్యూట్‌తో ప్రకటించి, పేజీలోని క్లయింట్‌స్క్రిప్ట్ ద్వారా నమోదు చేయండి. ఒకే తాళంచెవి పేరుతో నమోదు చేస్తే పేజీలో పది పెట్టెలున్నా స్క్రిప్టు ఒక్కసారే వస్తుంది. స్క్రిప్టులో ఐడీని చేత్తో రాయవద్దు, క్లయింట్‌ఐడీ ప్రాపర్టీ ఇచ్చినదే వాడాలి.

పంపిణీ సంగతి. కంట్రోళ్ళ డీఎల్ఎల్‌ను నుగెట్ ప్యాకేజీగా (డాట్ నెట్ లైబ్రరీలను పంచుకునే రూపంలో) కట్టి, ఆఫీసు నెట్‌వర్కులో అందరికీ అందే ఒక ఫోల్డరులో పెట్టండి, దానినే ప్యాకేజీల మూలంగా విజువల్ స్టూడియోకు చూపించవచ్చు. వేరే సర్వరు అక్కరలేదు. వెబ్ కాన్ఫిగ్‌లోని పేజెస్ భాగంలో ఒకసారి ట్యాగు ముందుపేరుతో నమోదు చేస్తే ప్రతి పేజీ నెత్తిన రిజిస్టర్ వరుస రాసే బాధ తప్పుతుంది. ప్రాపర్టీ పేర్ల విషయంలో మాత్రం ఆచితూచి వ్యవహరించండి. పేజీ మార్కప్ సాధారణంగా ఆ పేజీని మొదటిసారి తెరిచినప్పుడే కంపైల్ అవుతుంది. మీరు ప్రాపర్టీ పేరు మార్చితే ప్రాజెక్టు బిల్డ్ హాయిగా సాగిపోతుంది, తప్పు బయటపడేది నెలకొకసారి తెరిచే బిల్లు పేజీలో, నెలాఖరు సాయంత్రం. అందువల్ల పాత పేరును అబ్సొలీట్ గుర్తుతో ఒకటి రెండు వెర్షన్లు ఉంచి, ప్రతి విడుదలకు ముందు ఏఎస్‌పీనెట్ కంపైలర్‌తో పేజీలన్నింటినీ ముందుగా కంపైల్ చేయించండి.

ఇక మేనేజరు గారి మాట. అందులో నిజం ఉంది. 2002లో డాట్ నెట్ ఫ్రేమ్‌వర్క్ మొదటి వెర్షన్‌తో వచ్చిన వెబ్ ఫారమ్స్‌ను 2016లో వచ్చిన ఏఎస్‌పీ డాట్ నెట్ కోర్‌లోకి తీసుకోలేదు. ఫ్రేమ్‌వర్క్ 4.8, 4.8.1 విండోస్‌లో భాగంగా మద్దతు పొందుతున్నాయి గనుక మీ అప్లికేషన్లు రేపే ఆగిపోవు, అయితే కొత్త అప్లికేషన్‌ను ఎవరైనా ఈనాడు వెబ్ ఫారమ్స్‌లో మొదలుపెడతానంటే నేనే వద్దంటాను. కాని ఆయన పోలిక సరిపోలేదు. మారే పని ఎప్పుడు మొదలవుతుందో మీ ఉత్తరంలో లేదు, అప్పటిదాకా నలభై పేజీలూ బతికే ఉంటాయి, గేటు దగ్గర రోజూ నంబర్లు పడుతూనే ఉంటాయి. మారే రోజున కూడా, నలభై పేజీల్లో నలభై రకాలుగా చెదిరిన తనిఖీని ఏరుకోవడం కష్టమా, ఒకే పేరుగల ట్యాగును వెతికి దాని స్థానంలో బ్లేజర్ కాంపొనెంట్ పెట్టడం కష్టమా అని ఆయనను అడగండి. బ్లేజర్‌లో వ్యూస్టేట్ లేదు, జీవనక్రమం వేరు, కనుక కంట్రోలు కోడులో చాలా భాగం అక్కడికి రాదు. ప్రాపర్టీల పేర్లు పారామీటర్లుగా, ఈవెంటు ఈవెంట్‌కాల్‌బ్యాక్‌గా వెళతాయి, తనిఖీ లైబ్రరీ ఒక్క అక్షరం మారకుండా వెళుతుంది. మూడు డ్రాప్‌డౌన్ల తేదీ కంట్రోలు విషయంలో మాత్రం ఆయన పక్షమే నాది. దానికి పెట్టే సమయం తిరిగి రాదు, ఉన్నది ఉన్నట్టు వదిలేయండి.

మొదలుపెట్టడానికి గేటు నమోదు పేజీని ఎంచుకోండి. ఒక ట్రెయిలర్ మీద ఇరవై అడుగుల కంటెయినర్లు రెండు వస్తాయి, కనుక అక్కడ పెట్టెలు రెండు ఉండక తప్పదు, మీ కంట్రోలుకు అదే అసలు పరీక్ష. అక్కడ నిలిచాక దానినే గ్రిడ్ వరుసల్లోనూ, అప్‌డేట్‌ప్యానెల్ (పేజీలో కొంత భాగాన్నే తాజా చేసే కంట్రోలు) లోపలా పెట్టి, ఒకసారి కనిపించకుండా చేసి మళ్ళీ చూపించి, వ్యూస్టేట్ ఆపివేసి, విలువ నిలుస్తోందో లేదో చూడండి. పాత పేజీలో కొత్త పెట్టె పెట్టే ముందు ఆ పేజీ స్క్రిప్టుల్లో పాత టెక్స్ట్‌బాక్స్ ఐడీ ఎక్కడెక్కడ రాసి ఉందో వెతకడం మరవకండి. ఇంటిపేరు చేరాక బ్రౌజర్ వైపు ఐడీ మారిపోతుంది, పాత ఐడీతో వెతికే జేక్వెరీ వరుస ఏ తప్పూ చూపించకుండా ఊరుకుంటుంది. పేజీ వెనుక కోడులో ఫైండ్‌కంట్రోల్‌తో ఆ టెక్స్ట్‌బాక్స్‌ను నేరుగా పట్టుకున్న చోట్లు ఉంటే వాటినీ మీ కొత్త ప్రాపర్టీ వైపు మళ్ళించాలి. మీరు పంపిన పేజీలో అలాంటివి రెండు ఉన్నాయి, రెండూ ప్రింట్ బటన్ మెథడ్‌లోనే ఉన్నాయి.